పన్నెండో నోటుపుస్తకం

ద్వీపం, రేవు గది
మార్చి 4, మంగళవారం

బావకు నమస్కారాలు.

ఉదయం మబ్బు, తొమ్మిదికి తెరిపి ఇచ్చింది. గాలి ఆగ్నేయం నుంచి, ఒక మోస్తరు. రేవు మెట్ల మీద నాచు గీకాను. పద్నాలుగు మెట్లు.

నీకు ఫోను పనికిరాదు కనక రాస్తున్నాను. పోయినసారి పావుగంట మాట్లాడాక, నేను కుట్టుమిషను బాగుచేయించుకోవడానికి వచ్చిన మనిషిననుకుని శనివారం వచ్చి తీసుకెళ్ళమన్నావు. చెవి మిషను డ్రాయర్లో పెట్టుకుంటే వినపడదని అక్క చెప్పమంది.

అసలు సంగతి. మా లైబ్రరీకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. ద్వీపంలో ఉన్న పాత కాగితాలు, ఫోటోలు, టేపులు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడినుంచైనా చూడొచ్చు, వినొచ్చు. తెర మీద మూడు అరలున్నాయి. సంస్కృతి, ప్రకృతి, సంగీతం. నేను రోజూ రాసుకునే పుస్తకాలు అడిగింది. ఏడాదికొకటి చొప్పున నలభై రెండేళ్ళవి. ఇచ్చాను. సంస్కృతిలో పెడుతుందనుకున్నాను. చదివి ప్రకృతిలో పెట్టింది. "వీటిలో మనుషులకంటే గాలి ఎక్కువుందండీ" అంది.

టేపు కూడా ఇచ్చాను. కొత్త రేవు తెరిచిన రోజు మన పడవల కార్ఖానా బ్యాండు వాయించిన రేవు పాట. నువ్వు కట్టిందే. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది, ముట్టుకుంటే గోధుమరంగు పొడి రాలుతోంది. పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే మిషను అవతలి ఒడ్డు నుంచి అరువు తెచ్చారు. జూన్ 30 సాయంత్రం ఐదింటికి మూటగట్టి పంపేస్తారు. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పటిదాకా ఈ టేపు బతకదు.

బతికున్న వాయిద్యగాళ్ళ సంతకాలు కావాలట. ఐదుగురిలో ముగ్గురు పోయారు. మిగిలింది క్లారినెట్ నువ్వు, డ్రమ్ము వడ్రంగి. సంతకాలు లేకుండా ఆ అమ్మాయి టేపుని మిషన్లో పెట్టదు. కాగితం జతచేశాను. సంతకం పెట్టి పంపు.

బామ్మర్ది


అవతలి ఒడ్డు, కుట్టుమిషన్ల కొట్టు
మార్చి 15

ఒరేయ్ బామ్మర్దీ,

పద్నాలుగు మెట్లూ శుభ్రమైనందుకు చాలా సంతోషం. పదిహేనో మెట్టు కట్టిస్తే దాని గురించి ఇంకో ఉత్తరం రాద్దువుగాని.

సంతకం పెట్టను.

ఎందుకో నీకు తెలియదా? రెండో చరణం ఎత్తుకోగానే ఏమైంది? నేను పాట కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయిస్తున్నాను. ఆ వడ్రంగి డ్రమ్ము ఎటో పోయింది. నేను ఆగాను. పాట మొత్తం ఒక తాళం పాటు ఆగింది. తర్వాత నా క్లారినెట్ తోక తొక్కిన పిల్లిలా కీచుమంది. ఆ కీచు మీద నా పేరు రాసి ప్రపంచానికి వినిపిస్తారా? బాగుంది వరస.

పైగా నువ్వేం చేశావు? ఆ టేపునే పదహారేళ్ళు, రోజూ సాయంత్రం, ఆఖరి లాంచీ కదిలేటప్పుడు రేవు లౌడ్‌స్పీకర్లో వేశావు. ఊరు ఊరంతా అదే పాటనుకుంది. మీ బడిపిల్లలు పాడుతూ అక్కడికి రాగానే టక్కున ఆగి, ఒక్క గెంతు గెంతి, కీచుమని అరిచి మళ్ళీ ఎత్తుకుంటారట కదా? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను ఆ వడ్రంగి మొహం చూడలేదు. ద్వీపం వదిలి వచ్చి ఇక్కడ సూదులకి నూనె పోసుకుంటున్నాను. అదంతా ఆ ఒక్క తాళం వల్లే.

కాగితం మీద "తప్పు డ్రమ్ముది" అని రాయించు. అప్పుడు పెడతాను.

బావ

తమ్ముడూ, కవరు అంటించమని నా చేతికిచ్చారు, అందుకని కింద రాస్తున్నా. మీ లైబ్రరీ పేజీ పక్కింటి కోడలు ఫోన్లో చూపించింది. ముచ్చటపడి నా పెళ్ళిరోజు వెతికించా. "అక్క పెళ్ళి. గాలి లేదు. పడవ అడుగుకి తారు పూశాను." అంతేనా రా? పడవకి నాలుగు మాటలు, తోడబుట్టినదానికి రెండా? పక్కింటి కోడలు నవ్వలేక చచ్చింది.
అక్క


ద్వీపం, రేవు గది
ఏప్రిల్ 2, బుధవారం

బావకు నమస్కారాలు.

ఎండ. గాలి పడమర నుంచి, పలచగా. లాంచీ కట్టే తాడు మార్చాను. పాతది తొమ్మిది నెలలు వచ్చింది.

నీ మాట పట్టుకుని వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. తలుపుచెక్క చిత్రిక పడుతున్నాడు. డెబ్భై ఎనిమిది దాటినా చెయ్యి వణకడం లేదు. తల ఎత్తకుండానే మాట్లాడాడు. అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"సంతకమా? దానికేం భాగ్యం, పెడతా. తప్పు క్లారినెట్‌ది అని కింద రాయించు."

"బావేమో డ్రమ్ముది అని రాయమంటున్నాడు."

"నా డ్రమ్ము గోడగడియారం. మీ బావ ఊపిరి బెలూను. రెంటిలో ఏది మధ్యలో తుస్సుమంటుందో నువ్వే చెప్పు."

ఆయనే మళ్ళీ, "ఇంతకీ ఎలా ఉన్నాడు?" అన్నాడు. చెవి దెబ్బతిన్నదని చెప్పాను. "అప్పుడే దెబ్బతిన్నది. ఇప్పుడు తెలిసిందంతే" అన్నాడు.

లైబ్రరీ అమ్మాయిని అడిగాను. ఫారంలో పేరు, పుట్టిన ఏడు, వాయిద్యం రాయడానికి గళ్ళున్నాయి గానీ తప్పు ఎవరిదో రాయడానికి గడి లేదట. ఎవరూ ఇంతవరకూ అడగలేదట.

ఇంకో వింత. మూడేళ్ళ కిందట మా బడి మాస్టారు ఉత్తరపు కొండమీద పక్షుల కూతలు రికార్డు చేశారు. అవి ప్రకృతి అరలో ఉన్నాయి. నూట పద్దెనిమిదో నంబరు గోరింక. అది నీ పాట రెండో చరణం ఎత్తుకుంటుంది బావా. ఎత్తుకుని, ఒక తాళం ఆగి, కీచుమంటుంది. లౌడ్‌స్పీకరు విని పట్టేసుండాలి, వాటి పిల్లలు వాటి దగ్గర నేర్చుకునుండాలి. దీన్ని ప్రకృతిలో ఉంచాలా సంగీతంలోకి మార్చాలా అని ఆ అమ్మాయి రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చుంది. పక్షి సంతకం మాత్రం అక్కర్లేదట.

అక్కకు: నీ పెళ్ళిరోజు నిజంగానే గాలి లేదు.

బామ్మర్ది


అవతలి ఒడ్డు, కుట్టుమిషన్ల కొట్టు
ఏప్రిల్ 20

ఒరేయ్,

గోరింకను విన్నాను. మీ అక్క బలవంతంగా చెవి మిషను తగిలించి, పక్కింటి కోడలి ఫోను చెవికి అదిమింది. ఆ మిషను నేనెందుకు పెట్టుకోనో నీకు చెప్పనా? పెట్టుకుంటే ముందు వినపడేది పక్షి కాదు, మీ అక్క.

ద్వీపంలో అన్ని చెట్లున్నాయి, అన్ని చప్పుళ్ళున్నాయి. దరిద్రపు గోరింకకి నేర్చుకోవడానికి నా తప్పే దొరికిందా? పదిసార్లు విన్నాను. పదిసార్లూ అక్కడే ఆగింది. నాకన్నా తాళం బాగుంది దానికి.

సరే, ఒక నిర్ణయానికొచ్చాను. ఆ పాత టేపు పారెయ్యండి. నేనే కొత్తగా వాయించి, తప్పు లేకుండా రికార్డు చేయించి పంపుతాను. క్లారినెట్ పెట్టెలోంచి తీశాను. రంధ్రాలు మూసే మెత్తలు ఎండిపోతే మార్చాను. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు సాధన చేస్తున్నాను.

ఇంకో మాట. ఆ రోజు ఏం జరిగిందో నీ పుస్తకంలో ఉండే ఉంటుందిగా. ఈగ వాలినా గాలి దిక్కుతో సహా రాసే మనిషివి. ఆ పేజీ చూపిస్తే వడ్రంగి సంగతి తేలిపోతుంది. మీ అక్కచేత వెతికించాను. పదకొండో పుస్తకం ఉంది, పదమూడు ఉంది. పన్నెండు లేదు. ఏదిరా అది?

బావ

తమ్ముడూ, ఈయనకి చెప్పకు. రోజూ మధ్యాహ్నం వింటున్నా. మొదటి చరణం చక్కగా వాయిస్తారు. రెండోది ఎత్తుకుంటారు. సరిగ్గా ఆ చోటికి రాగానే ఆగుతారు, కీచుమంటారు. "ఇప్పుడు చూడు, తప్పు లేకుండా వచ్చింది" అని నా వైపు గర్వంగా చూస్తారు. నేనేం చెప్పను? తల ఊపి, కూర తిప్పడానికి లోపలికి పోతున్నా.
అక్క


ద్వీపం, రేవు గది
మే 7, బుధవారం

బావకు నమస్కారాలు.

ఎండ తీవ్రం. గాలి ఉదయం దక్షిణం, పది తర్వాత నైరుతి, మధ్యాహ్నం పడిపోయింది, మూడుకి మళ్ళీ లేచింది, నాలుగుకి పడమరకు మళ్ళింది. సముద్రం నిలకడ. లాంచీ ఏడు నిమిషాలు ఆలస్యం. రేవు దీపం అద్దం తుడిచాను. రెండు వైపులా.

పన్నెండో పుస్తకానికి చెద పట్టింది.

బామ్మర్ది


అవతలి ఒడ్డు
మే 18

తమ్ముడూ,

ఈసారి నేనొక్కదాన్నే రాస్తున్నా. ఆయన కొట్లో ఉన్నారు.

చెదలకి పదకొండూ పదమూడూ నచ్చలేదా? మధ్యలోది ఒక్కటే రుచిగా ఉందా? నీకు చిన్నప్పట్నుంచీ అబద్ధమాడటం చేతకాదు. అందుకే మాట్లాడటమే మానేశావు.

ఇక్కడి సంగతి విను. పోయిన వారం పక్కింటి కోడలు, మా ఆయన వాయిస్తుంటే ఫోన్లో రికార్డు చేసి, "మావయ్యగారూ, మీరూ గోరింకలానే ఆగుతున్నారే" అని వినిపించింది. పాపం, మంచికే చేసింది. ఆయన చెవి మిషను పెట్టుకుని మూడుసార్లు విన్నారు. క్లారినెట్ విడదీసి, ముక్క ముక్కా తుడిచి, పెట్టెలో పెట్టి, పెట్టెకు తాడు కట్టారు. మర్నాడు అన్నం దగ్గర "తప్పు నా చేతుల్లోనే ఉందే. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ వడ్రంగి నెత్తిన రుద్దాను" అన్నారు. కొట్లోకి వచ్చిన వాళ్ళని, ఎవరికన్నా క్లారినెట్ కావాలా అని అడుగుతున్నారు.

ఆయన అరుస్తుంటే నాకు బెంగ లేదు. అరవడం మానేశారు, అదీ నా బెంగ.

నీకేదన్నా తెలిస్తే చెప్పు. గాలి సంగతి కాదు.

అక్క


ద్వీపం, రేవు గది
మే 27, మంగళవారం

బావకు.

మబ్బు. గాలి నైరుతి నుంచి, జోరుగా. రేవు స్తంభాలకు రంగు వెయ్యాలి. వెయ్యలేదు.

పన్నెండో పుస్తకానికి చెద పట్టలేదు. నా పెట్టెలో, చొక్కాల అడుగున ఉంది. కొత్త రేవు తెరిచిన రోజున రాసింది ఇది:

"కొత్త రేవు తెరిచారు. నైరుతి గాలి, జోరు. బ్యాండు బాగా వాయించింది. టేపు రికార్డరు మూత నిలవలేదు. క్లిప్పు"

అంతే. అక్కడితో ఆగింది. నలభై రెండేళ్ళలో నేను సగంలో వదిలేసినది అదొక్కటే.

మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు మూడు చరణాలూ మూడు కాగితాల మీద రాసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, స్టాండుకి రెండు బట్టల క్లిప్పులు తగిలించావు, అటొకటి ఇటొకటి. పాట కట్టి రెండు రోజులే అయింది, మూడో చరణం ముందురోజే మార్చావు, కాగితం చూడందే వాయించలేవు. నేను నీ ఎడమపక్కన రికార్డరు పట్టుకుని కూర్చున్నాను. దాని మూత గొళ్ళెం విరిగింది. మూత అదిమి పట్టకపోతే టేపు తిరగదు. బొటనవేలితో అదిమాను. మొదటి చరణం అయ్యేసరికి వేలు తిమ్మిరెక్కింది. నువ్వు మొదటి కాగితం తీసి కింద పడేసి మళ్ళీ క్లిప్పులు పెట్టగానే, నా వైపున్న క్లిప్పు నేను తీసి మూతకి పెట్టాను. ఒక్కటి చాలుతుంది అనుకున్నాను.

గాలికి రెండో చరణం కాగితం లేచింది. కింద మూడోది కనబడింది. నువ్వు కళ్ళు దించి అదే వాయించావు. వడ్రంగి రెండోదే కొడుతున్నాడు. నువ్వు ఆగావు. కాగితం మళ్ళీ కిందికి వాలింది. నువ్వు తల ఎత్తి చూసేసరికి అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నువ్వు కాగితం మీద ఉన్నదే వాయించావు బావా. కాగితమే వేరేది. వడ్రంగి కొట్టాల్సిందే కొట్టాడు. మీ ఇద్దరిదీ తప్పు లేదు.

మొదటి రోజు చెప్తే తిడతావని చెప్పలేదు. రెండో రోజుకి మీ ఇద్దరూ కార్ఖానా గుమ్మంలో చొక్కాలు పట్టుకున్నారు. మూడో రోజుకి చెప్పే వేళ దాటిపోయింది. ఆ తర్వాత అది ఇంట్లో బరువైన బీరువా లాంటిదయింది. దాని చుట్టూ ఊడ్చాను, దాన్ని కదపలేదు. నువ్వు ద్వీపం వదిలి వెళ్ళే లాంచీకి తాడు విప్పింది నేనే. అప్పుడైనా చెప్పాల్సింది. "గాలి తూర్పు" అని రాసుకున్నాను.

పన్నెండో పుస్తకం ఇవాళ లైబ్రరీ అమ్మాయికి ఇచ్చేశాను. ఇక దాన్ని ఎవరైనా చదవొచ్చు. సంతకం నీ ఇష్టం.

బామ్మర్ది


అవతలి ఒడ్డు
జూన్ 12

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివారు. నేను రెండుసార్లు చదివా. ఇన్ని మాటలు నీ దగ్గర ఉన్నాయని తెలిస్తే నా పెళ్ళిరోజుకి నాలుగు అప్పుడే అడిగి పుచ్చుకునేదాన్ని.

తిట్టారా అని అడుగుతావు. లేదు. నాలుగో రోజు పెరట్లో బట్టల తీగ దగ్గర నిలబడి, క్లిప్పులు ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నారు. "ఏం చేస్తున్నారండీ?" అంటే, "ఇంతది! ఇంతదే ఇది!" అని వేలు చూపించారు. ఉన్నట్టుండి నవ్వు మొదలెట్టారు. ఆపలేదు. పక్కింటి కోడలు గోడమీంచి తొంగిచూసి కంగారుపడింది. తర్వాత లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో బయటికి తెలియలేదు, నేనూ తలుపు కొట్టలేదు.

సంతకం కాగితం ఏమైందని అడిగా. "చూద్దాం" అన్నారు. ఇంకో నాలుగుసార్లు అడిగా. "చూద్దాం అన్నానా!" అని అరిచారు. అరిచారు కనక నాకు కాస్త ప్రాణం కుదుటపడింది. అంతకుమించి నాకేం తెలియదు.

నా తీగ మీద పన్నెండు క్లిప్పులుండాలి. నిన్నట్నుంచి పదకొండే ఉన్నాయి.

అక్క


ద్వీపం, రేవు గది
జూన్ 30, సోమవారం

బావకు నమస్కారాలు.

తెల్లవారాక జల్లు, తర్వాత ఎండ. గాలి నైరుతి నుంచి, జోరుగా. రేవు స్తంభాలకు రంగు వేశాను. బట్టలు ఉతికాను. ఆరెయ్యాలి.

నీ కాగితం రాలేదు. టపా పొద్దున లాంచీలో వచ్చింది, సంచీ రెండుసార్లు చూశాను. ఇప్పుడు టైము నాలుగు. లైబ్రరీ అమ్మాయి మిషనుకి అట్టపెట్టె సిద్ధం చేసుకుంది గానీ ఇంకా అందులో పెట్టలేదు. "ఐదయ్యేదాకా ఐదు కాదు కదండీ" అంది. టేపు బల్ల మీద ఉంది. నేను చూడలేక ఇక్కడికి వచ్చేశాను.

నిన్ను తప్పుపట్టడం లేదు. నా క్లిప్పు వల్ల పోయిన ముప్ఫై ఒక్క ఏళ్ళకి ఒక టేపు పోతే నాకు తగిందే. ఇది నీకు చెప్పాలనే రాస్తున్నాను.

వడ్రంగి సంగతి కూడా చెప్పాలి. నీకు రాసిన రోజే ఆయనకీ అంతా చెప్పాను. చిత్రిక ఆపాడు. "మరి డ్రమ్ముదీ కాదు, క్లారినెట్‌దీ కాదు. నీదా!" అన్నాడు. అవునన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీ మొహానికి అంత పెద్ద పని చేశావంటే నమ్మబుద్ధి కావట్లేదు" అన్నాడు. కాగితం లాక్కుని సంతకం పెట్టాడు. కింద "తప్పు క్లారినెట్‌ది కాదు" అని రాశాడు. గడి లేదన్నా వినలేదు, అంచున రాశాడు.

నాలుగు రోజులుగా ఆయన రేవులోనే ఉంటున్నాడు. బెంచీ కాలు బాగుచేస్తున్నాడట. ఆ బెంచీకి ఏ కాలూ ఊగడం లేదు. ఇవాళ డ్రమ్ము కూడా తెచ్చుకున్నాడు. ఎండబెట్టడానికట.

నాలుగుంపావు. లాంచీ కనబడుతోంది, ఇవాళ ఆలస్యం లేదు. జనం పలచన. ముందు భాగంలో ఎవరో నిలబడి ఉన్నారు. పక్కన ఒకావిడ ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకుని ఉంది, పడిపోకుండా.

అక్క చీర కొంగులా ఉంది.

వినబడుతోంది. గాలి ఇటే కనక బాగా వినబడుతోంది. మొదటి చరణం. వడ్రంగి బెంచీ మీంచి లేచాడు. డ్రమ్ము మెడలో వేసుకుంటున్నాడు, తొందరకి పట్టీ చెవికి తగులుకుంది. బడిపిల్లలు గట్టు మీదికి వచ్చేశారు. నువ్వు కాగితం చూసి వాయిస్తున్నావు, అక్క దాన్ని ముందుకు పట్టుకుంది, పైన క్లిప్పు ఉంది. అది పాట కాగితం కాదేమో, ఎండకి అడుగున ముద్ర, పక్కన సంతకం గీత ఇటువైపుకి కనిపిస్తున్నాయి, లైబ్రరీ ఫారంలా ఉంది.

రెండో చరణం ఎత్తుకున్నావు.

ఆగింది.

ఆగిన చోట డ్రమ్ము ఒక్కటే దెబ్బ.

కీచుమంది. పిల్లలు గెంతారు.

నాలుగూ ఇరవై. తాడు అందుకోవాలి, దిగుతున్నాను. ఉతికిన బట్టలు బకెట్లోనే ఉన్నాయి. తీగ మీద